కచ్చా కుట్టు

మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మా కోడలు మొట్టమొదట చేసే పని నా గది తలుపు మూసి గడియ పెట్టడం. ఇంట్లో కాఫీ పొడి ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. "వాళ్ళతో చంటిబిడ్డ కూడా వస్తాండాది అత్తమ్మా, మీ గోడమీదోళ్ళను సూస్తే జడుసుకుంటాది" అంటుంది. నా గోడమీదోళ్ళు నలుగురే నలుగురు, పాత ఇంగ్లీషు సినిమాల బొమ్మలు. భుజాల నుంచి పాదాల దాకా నల్లగుడ్డ కప్పుకొని, కోరలతో రక్తం తాగే దొర ఒకడు. ఒళ్ళంతా గుడ్డపీలికలు చుట్టుకొని సమాధిలోంచి లేచొచ్చిన శవం ఒకటి. పున్నమి వస్తే వెంట్రుకలు మొలిచి తోడేలైపోయే మనిషి, పాపం, ఒకడు. నాలుగోవాడు, నా మంచానికి సరిగ్గా ఎదురుగా ఉన్నవాడు, కుట్లోడు. చచ్చినవాళ్ళ ముక్కలు తెచ్చి ఎవడో డాక్టరు ఒకటిగా కుట్టి ప్రాణం పోస్తే లేచినవాడు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆడమనిషి గదిలో దేవుడి పటాలుండాలి గానీ ఇదేం ఖర్మ అని మావాళ్ళ బాధ. దేవుడి పటాలు పూజగదిలో ఉన్నాయి కదా అంటే వినరు.

ఖర్మ ఎవరిదో నాకు బాగా తెలుసు. ఈమధ్య బెంగుళూరులో మా మనవరాలుండే అపార్టుమెంటులో దెయ్యాల పండగ చేశారు. పిల్లలందరూ ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ ముఖాలు తగిలించుకొని కేకు కోశారు. మా మనవరాలిది కుట్లోడి ముఖం. కుట్లు ఉండాల్సింది నుదుట, ఆ చేసినవాడు చెంప మీద అచ్చు వేశాడు. "ఇది తప్పు తల్లీ" అన్నందుకు ఆ పిల్ల ఏడ్చింది, వాళ్ళ నాన్న, మా చిన్నబ్బాయి, నన్ను పక్కకు తీసుకుపోయి "అమ్మా, నువ్వు కొంచెం ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఇక ఇప్పటి సినిమాల్లో దెయ్యాలున్నాయే, అవి పరుగెత్తుతాయి. దెయ్యం పరుగెత్తడమేమిటండీ? దెయ్యమన్నాక నింపాదిగా నడిచి రావాలి. మనం పరుగెత్తాలి, అయినా అదే ముందు చేరుకోవాలి. భయమంటే అది. ఇప్పటివి ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేసి మనల్ని ఉలిక్కిపడేట్టు చేస్తాయి, అంతకంటే వాటికి ఏమీ చేతకాదు. ఆ పని మా ఇంట్లో కుక్కరు కూడా చేస్తుంది.

నేను ఈ చిరాకులో ఉండగానే కుప్పం నుంచి షంషాద్ ఫోన్ చేసింది. షంషాద్ పుంగనూరులో నాతో పాటు చదువుకున్నది, మా ఇంటి ఎదురుగా అంగడి పెట్టుకున్న టైలరు మస్తాన్ మామ కూతురు. "రెడ్డెమ్మా, నాయన మనిషి బాగానే ఉండాడు గానీ మతి నిలవడం లే మే. నన్నే ఎవురమ్మా నువ్వు అంటాండాడు. తెల్లారి లేస్తే ఒగటే మాట, కుట్లోడు ఏమైనాడు, కుట్లోడు ఏమైనాడు అని. నేను ఎవుర్ని అడగాల? నువ్వొచ్చి చెప్పు మే" అంది. వస్తానన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఆయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటి నలభై ఏళ్ళకు పైగా నా నోట్లోనే ఉండిపోయింది. ఆయన వినగలిగినప్పుడే చెప్పి ఉండాల్సింది. మతి లేని మనిషి దగ్గర నిలబడి తప్పయిందంటే అది చెప్పినట్టా, చెప్పనట్టా?

మా నాన్నది పుంగనూరులో చింతపండు మండీ. ముందు మండీ, వెనక ఇల్లు. చింతపండు కాలం వచ్చిందంటే ఇల్లంతా ఒకటే పులుపు వాసన, కట్టుకున్న బట్టలకు, పడుకున్న చాపలకు, చివరికి తాగే మజ్జిగకు కూడా. మా అవ్వ వసారాలో కాళ్ళు చాపుకొని కూర్చొని, రాయి మీద పండు పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేది. గింజ ఒకవైపు, పండు ఒకవైపు. నోరు ఆగేది కాదు, సుత్తి ఆగేది కాదు, అయినా వేలికి ఒక్కసారి తగలగా నేను చూడలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మండీలో మూటల మీదికెక్కి ఆడుతూ ఇనప కాటా మీద పడ్డాను. నుదురు మధ్య నుంచి కనుబొమ్మ దాకా చీలింది. ఊళ్ళో ఉన్న ఒక కాంపౌండరు ఏడు కుట్లు వేశాడు. అవి కుట్లా, నా తలకాయా! గోనెసంచి మూతిని దబ్బనంతో కుట్టినట్టు కుట్టాడు మహానుభావుడు. గాయం మానింది గానీ ఆ ఏడు గీతలూ అలాగే నిలిచాయి. బడిలో రెడ్డెమ్మ అనే పేరు పోయి 'కుట్లది' అయింది. అవ్వ పొద్దున్నే నూనె రాసి, జుట్టంతా నుదుటి మీదికి లాగి దువ్వి, ఇంత పెద్ద బొట్టు పెట్టి, ఇవన్నీ చేసినంత సేపూ ఆ కాంపౌండరును తిట్టేది. ఎంత కప్పినా బడికి చేరేలోపల గాలికి జుట్టు లేచిపోయేది.

ఎదురంగడి మస్తాన్ మామది. ఒక కాళ్ళమిషను, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఎప్పుడూ మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. మిషను నూనె వాసన, కొత్తగుడ్డ గంజి వాసన కలిసి, ఆ నాలుగడుగుల మేర మా చింతపండు పులుపు కూడా ఓడిపోయేది. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఏదో పెద్ద టైలరు దగ్గర పనిచేశాడట, అందుకని ఆయనకు ఇంగ్లీషు వచ్చని ఊరందరికీ గట్టి నమ్మకం. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా కాలరు, కఫ్, టైటా, లూజా, అంతే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఊరి రేకుల టాకీసులో ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమా వేసేవాళ్ళు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు. అందుకని టాకీసువాళ్ళు తెర పక్కన ఒక స్టూలు వేసి, మస్తాన్ మామ చేతికి మైకిచ్చారు. తెర మీద దొరలు మాట్లాడుతుంటే ఈయన తెలుగులో కథ చెప్పాలి. ఆయన శనివారమే మదనపల్లె పోయి సినిమా ఒకసారి చూసొచ్చేవాడు, మర్నాడు తయారుగా స్టూలెక్కేవాడు. షంషాదూ నేనూ ముందు బెంచీలో.

ఆయన కథ చెప్పడం కాదు, కొలతలు తీసేవాడు. రక్తం తాగే దొర మెట్లు దిగి వస్తున్నాడనుకోండి, హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటే మైకులోంచి, "సూడండప్పా ఆ నల్లగుడ్డ! తక్కువలో తక్కువ ఏడు గజాలు పట్టింటాది. లోపల ఎర్ర లైనింగు. ఎవుడు కుట్టినాడో గానీ చెయ్యంటే అది!" అని వినిపించేది. తోడేలు మనిషి చొక్కా చించుకుంటుంటే, "నెలకొక చొక్కా! ఈడి టైలరు పెట్టి పుట్టినాడప్పా" అనేవాడు. గుడ్డపీలికల శవాన్ని చూస్తే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది, "తానుగుడ్డంతా పాడు చేసినారు గదప్పా" అని. హాల్లో జనం భయపడుతూనే నవ్వేవాళ్ళు. నేను వాళ్ళందరినీ అప్పుడే మనసులో పెట్టుకున్నాను. పేపర్లో వచ్చే పొద్దుటాట బొమ్మలు కత్తిరించి, అన్నం మెతుకులతో లెక్కల నోటుపుస్తకంలో అంటించేదాన్ని. ఇంటికి రాగానే అవ్వ, "సచ్చినోళ్ళ సినిమాకు పోయొచ్చినావా, ఎవుడి కన్ను పడిందో ఏమో, ఆడే నిలబడు" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. వేసి, మళ్ళీ సుత్తి పట్టుకొని, "అది సరే, ఆ రక్తం తాగేవోడు ఏమైనాడు?" అని మెల్లిగా అడిగేది.

కుట్లోడి సినిమా వచ్చేసరికి నా కుట్లు విప్పి కొన్ని నెలలే అయింది. తెర మీద ఆ ముఖం కనబడగానే హాలంతా "ఓయమ్మా" అంది. నేను బెంచీ మీద లేచి నిలబడ్డాను. నాలాంటి నుదురు ఇంకొకరికి ఉండగా చూడటం అదే మొదలు. వెనకనుంచి ఎవరో "కూసోమే కుట్లదానా" అని అరిచారు. మస్తాన్ మామ స్టూలు మీద నుంచి మా బెంచీ వైపు తిరిగి చూశాడు. తర్వాత, "వాడి మొగం సూసి భయపడొద్దండప్పా. వాడి తప్పేముంది? ఆ కుట్లు సూడండి. అవి కచ్చా కుట్లు" అన్నాడు. మిషను మీద పెట్టేముందు గుడ్డ జారిపోకుండా టైలర్లు చేత్తో పొడుగు పొడుగు కుట్లు వేసుకుంటారు, అవీ కచ్చా కుట్లు. మిషను మీద పక్కా కుట్టు పడ్డాక వాటిని పీకేస్తారు. "ఆ డాక్టరు కచ్చా కుట్టు యేసినాడు, సూసుకొన్నాడు, జడుసుకొని పారిపోయినాడు. పక్కా కుట్టు యేసినాడా? యేయలా. సగం కుట్టిన చొక్కా తొడిగి బజారుకు తోలితే ఎవురికైనా కోపం రాదా? అదప్పా వాడి కోపం" అన్నాడు మామ. హాలంతా అవునవునంది.

ఆ సినిమాకు ఒక శని పట్టింది. సినిమా పెట్టె ఒకటే, ఆడాల్సింది రెండు ఊళ్ళలో. మదనపల్లెలో ముందుగా ఆట మొదలుపెట్టి, అయిపోయిన రీళ్ళు అయిపోయినట్టు బస్సులో మా ఊరికి పంపేవాళ్ళు. దొర సినిమాకు, తోడేలు సినిమాకు రీళ్ళన్నీ చక్కగా వచ్చేవి. కుట్లోడి సినిమాకు మాత్రం ఆఖరి రీలు బస్సు తప్పిపోయేది. ఊరివాళ్ళు కాగడాలు పట్టుకొని వాణ్ణి తరుముతుంటారు, అక్కడికి తెర తెల్లబడేది. జనం ఒకటే ఈలలు. మస్తాన్ మామ లేచి నిలబడి, "ఆఖరి రీలు రాలేదప్పా, బస్సు తప్పిపోయిందంట. ఉండండి, లేయొద్దండి, మిగతాది నేను చెప్తా" అనేవాడు. ఆ సినిమా మా ఊరికి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అదే కథ. ఆయన చెప్పిన ముగింపు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "పరిగెత్తి పరిగెత్తి వాడు యాడికొచ్చినాడు? మన పుంగనూరుకే వచ్చినాడు. మస్తాన్ టైలరు అంగడి యాడ అని అడిగినాడు. రా నాయనా అని స్టూలు మీద కూసోబెడితి. కచ్చా కుట్లన్నీ పీకేసి, సన్నదారంతో పక్కా కుట్టు యేస్తి. అద్దంలో సూసుకొని, మామా, ఇప్పుడు నేను మనిషినేనా అన్నాడు. నువ్వు ముందునుంచీ మనిషివే నాయనా, కుట్టినోడికే పని రాదు అంటి. ఆమీట కుప్పం పోయి రైలెక్కినాడు. యాడుండాడో గానీ సుకంగా ఉండాడు." రైలంటే మా ఊరివాళ్ళకు కుప్పం రైలే. నేను బెంచీ మీద కూర్చొని ఆ రైలు పోయేదాకా చూసేదాన్ని. మొదటిసారి ఆ కథ విన్న మర్నాడు అవ్వ నా జుట్టు నుదుటి మీదికి లాగబోతే వద్దని వెనక్కి తోసేశాను.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మదనపల్లెలో కాలేజీలో చేరిన ఏడాదే ఆ సినిమా అక్కడికి మళ్ళీ వచ్చింది. హాస్టలు పిల్లలతో పోయాను, ఆఖరి రీలు చూశాను. పుంగనూరూ లేదు, స్టూలూ లేదు. వాణ్ణి ఒక గడ్డికొట్టంలోకి తోలి, బయట గడియ పెట్టి, తగలబెట్టేశారు. మంటల్లో వాడు అరుస్తుంటే నా పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకొచ్చిన కోపం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియలేదు. బస్సెక్కి పుంగనూరు పోయి, ఇంట్లో కూడా అడుగుపెట్టకుండా మస్తాన్ మామ అంగడి ముందు నిలబడ్డాను. అంగడి నిండా జనం. "మామా, నువ్వు చెప్పిందంతా అబద్ధం. వాణ్ణి కాల్చేసినారు. ఇంగ్లీషు రాకపోతే రాదని చెప్పాల, మైకు పట్టుకొని లేనిపోనివి యాల చెప్పేది?" అని అరిచాను. కాలేజీ పొగరు. ఒకాయన పకపకా నవ్వాడు. మస్తాన్ మామ పెదాల మధ్య గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చి, "అట్నా పాపా" అన్నాడు. అంతే. మరుసటి ఆదివారం గొంతు బాగలేదన్నాడట. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆయన మైకు ముట్టలేదు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఎదురంగడిలోంచి "బాగుండావా పాపా" అనేవాడు, నేను తలూపి గబగబా లోపలికి పోయేదాన్ని. తప్పయింది మామా అనడానికి ఎంతసేపు పడుతుంది? వేలమంది పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దినదాన్ని, నా తప్పు దగ్గర నోరు పెగల్లేదు.

కుప్పం పోయేదారిలో పుంగనూరులో దిగాను. దిగకుండా ఉంటే బాగుండేది. రేకుల టాకీసు పెళ్ళిళ్ళ హాలైంది. మా మండీ ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి. టైలరంగడి ఉన్నచోట రెడీమేడ్ బట్టలు, బయట తలల్లేని బొమ్మలకు చొక్కాలు తొడిగి వరసగా నిలబెట్టారు. మా కోడలికి జడుపు పుట్టాల్సింది వాటిని చూసి. ఒక చొక్కా తిరగేసి చూశాను, లోపల దారాలు వేలాడుతున్నాయి. "ఏం కావాల మేడమ్?" అన్నాడు అంగడాయన. "కుట్టు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకూ లేదు. పలమనేరు బస్సెక్కి, అక్కడ మారి, మోకాళ్ళు పట్టేసి కుప్పంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఒకటే మాట వల్లించుకున్నాను.

షంషాద్ ఇల్లు స్టేషనుకు దగ్గర. ఆమె భర్త ఖాదర్ అన్న రైల్వేలో టికెట్లిచ్చి రిటైరైన మనిషి, ఏ మాటకైనా రుజువు కావాలంటాడు. మస్తాన్ మామ మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. తొంభై దాటాయి. మనిషి సగమైపోయాడు, వేళ్ళు మాత్రం దుప్పటి అంచును మడత పెడుతూనే ఉన్నాయి. "మామా, నేను, రెడ్డెమ్మను" అన్నాను. "సంతోసమమ్మా, కూసో. కొలతిచ్చేకి వస్తివా?" అన్నాడు. వల్లించుకున్న మాట పక్కన పెట్టి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఇంతలో ఖాదర్ అన్న టీవీ పెట్టాడు. ఆ సినిమాను యూట్యూబులో వెతికి పెట్టుకున్నాడట. "నాయనకు రోజూ చెప్తానే ఉండా రెడ్డెమ్మా, వాడ్ని కాల్చేస్తారు, కాల్చేస్తారు అని. ఇనడు. ఈ పొద్దు కండ్లారా సూపిస్తా, పీడా వదిలిపోతాది" అన్నాడు. వద్దన్నా అన్నాను. "యాల వద్దు? నిజం ఏందో తెలియల్ల గదా?" అన్నాడు. అచ్చం ఆనాటి నా గొంతే. షంషాద్ కూడా "నక్కో జీ, ఊరుకోండి" అంది. ఆయన రిమోటు వదల్లేదు.

తెర మీద కుట్లోడి ముఖం కనబడగానే మస్తాన్ మామ వేళ్ళు ఆగాయి. "కచ్చా కుట్లు" అన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి, "నీకొక మాట చెప్తా, మండీవాళ్ళ పాపకు మాత్రం చెప్పొద్దు. ఆఖరి రీలు బస్సు తప్పలా. వచ్చింది. మూడుసార్లూ వచ్చింది. డబ్బా నా స్టూలు కింద పెట్టి, దాని మీద కాళ్ళు పెట్టుకొని కూసుంటి" అన్నాడు.

"యాల మామా?" అన్నాను.

"ముందురోజే సూసొస్తి గదా, కాల్చేస్తారని నాకు తెలుసు. ఈడ ఆట మొదలైనాక సూస్తే ముందు బెంచీలో ఆ పాప. నుదుట్న కుట్లు, ఇంకా ఎర్రగా ఉండాయి. వాడ్ని సూసి లేసి నిలబడింది. దాని మొగంలో అంత సంతోసం నేను అంతకుముందు సూడలా. ఆ పాప కండ్ల ముందర కుట్లోడ్ని ఎట్ల కాల్చేదమ్మా? ఆఖరి రీలు యేయొద్దప్పా, మిగతాది నేను సూసుకుంటా అని ఆపరేటరుతో చెప్తి."

షంషాద్‌కు కూడా ఈ సంగతి తెలియదట, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. నేను లెక్కల టీచర్ని. అన్ని సినిమాల రీళ్ళూ సరిగ్గా వచ్చి, ఈ ఒక్క సినిమాకు ఆ ఒక్క రీలే మూడుసార్లూ బస్సు తప్పడమేమిటని ఒక్కనాడైనా తట్టాలి కదా. తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"మరి మైకు యాల వదిలేస్తివి మామా? ఆ పాప మాటన్నిందనా?" అన్నాను.

"అనింది, అనింది. పెద్దదైపోయింది. జుట్టంతా వెనక్కి దువ్వి జడేసుకొని వచ్చింది. అంత జనం ముందర నిలబడి నామీద అరిసింది. అందురూ కుట్లు సూస్తారని దానికి ధ్యాసే లే. ఇంక నాతో ఏం పని? పక్కా కుట్టు పడినాక కచ్చా కుట్టు పీకేస్తాం గదమ్మా" అని, దుప్పటి అంచులోంచి లేని దారమొకటి లాగి పక్కన పడేశాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడేమో అనుకుందామన్నా, ఆయనకు నేనెవరో తెలియదు.

"తప్పయింది మామా" అన్నాను, ఎట్టకేలకు.

"ఏమి, గుడ్డ తక్కువ తెస్తివా? పర్వాలేదులే, నేను సర్దుతా" అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకునేలోపల టీవీలో కాగడాలు వచ్చేశాయి. ఊరి జనం అరుస్తూ వాణ్ణి కొట్టం వైపు తోలుతున్నారు. ఖాదర్ అన్న ముందుకు వంగి, "ఇప్పుడు సూడు నాయనా, ఇప్పుడు సూడు" అంటున్నాడు. నేను లేచి పోయి గోడకున్న స్విచ్చు ఆపేశాను. తెర నల్లబడింది. ఖాదర్ అన్న నావైపు కోపంగా చూశాడు. మస్తాన్ మామ, "ఏమైందమ్మా?" అన్నాడు.

"ఆఖరి రీలు రాలేదు మామా. బస్సు తప్పిపోయిందంట."

ఆయన కాసేపు నా ముఖంలోకి, నా నుదుటి వైపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. దిండు మీద నుంచి లేచి నిటారుగా కూర్చున్నాడు.

"అట్నా. అట్లయితే ఆ మైకు ఇట్లియ్యి" అన్నాడు.

ఖాదర్ అన్న చేతిలోంచి రిమోటు లాక్కొని ఆయన చేతికిచ్చాను. దాన్ని నోటి దగ్గర పెట్టుకొని, వేలితో రెండుసార్లు తట్టి చూశాడు.

"ఉండండప్పా, లేయొద్దండి. మిగతాది నేను చెప్తా."